తలరాత అంటే ఊరుకోవాలా?

కాళ్లు వంకర తిరిగినవాళ్లను చూసి "పూర్వజన్మ కర్మ" అనే పెద్దవాళ్లను ఒకటి అడగాలని ఉంది. మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో ఆ కర్మ బోరునీళ్లలో ఎందుకుంది? లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లకు గార పడుతుంది, తర్వాత ఎముకలు బిగుసుకుపోతాయి. తెలంగాణలో నల్లగొండవాళ్ల బాధా ఇదే. డబ్బున్నవాళ్లు క్యాన్ నీళ్లు కొనుక్కుంటారు. కూలివాళ్లు ఏం కొంటారు? నడుం వంగని మనిషిని కూలికి ఎవరు పిలుస్తారు? 2013లో హొగెనకల్ నీళ్ల పథకం వచ్చింది, మంచిదే. అప్పటికే పాడైన ఎముకలు బాగుపడవు కదా!

ప్రపంచంలో 130 కోట్ల మంది, అంటే ఆరుగురిలో ఒకరు, వికలాంగులు. ఎక్కువమంది ఉన్నది డబ్బున్న దేశాల్లో కాదు. విటమిన్ ఏ ఉన్న తిండి లేక ఆఫ్రికాలో, ఆసియాలో పసిపిల్లల కళ్లు పోతున్నాయి. అదీ కర్మేనా?

ఇక మన కేంద్రం ఇచ్చే పింఛను నెలకు 300 రూపాయలు. 2012 నుంచీ అంతే. అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదవాళ్లకే. (రాష్ట్రాలు కొంత కలుపుతాయి, సరే.) 79 శాతం ఉంటే కూలికి పోగలరా? దివ్యాంగులు అని పేరు మాత్రం మార్చారు. డిసెంబరు 3న అరటిపండ్లు పంచి ఫొటో దిగేవాళ్లు ఈసారి ఆ 300 ఎందుకు పెంచరని ఒక ఉత్తరం రాయండి. మా తరగతి పిల్లలం సంతకాలు పెడతాం.