తూనికతో తీరిన ధర్మమా?

మన బాన్సువాడ అంగన్‌వాడీలలో శిశువుల బరువు తూచుదురు, ఎత్తు కొలుతురు, గ్రుడ్డు పెట్టుదురు. మంచిదే. కాని తల్లి కొంగు విడువలేక యేడ్చు బిడ్డను ఒడి చేర్చుకొనుటకును, బొమ్మకై కలహించు ఇరువురికి పంచుకొనుట నేర్పుటకును టీచరుకు తీరిక యెక్కడిదని మేమడుగుచున్నాము.

1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పిన గిజుభాయి బధేకా, భయమును దండనను శిశువిద్యనుండి వెడలగొట్టెను. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము, శిశువు మానసిక సాంఘిక వికాసమును తన ఆశయములలో చేర్చుకొన్నది. అర్ధ శతాబ్ది గడచినను ఆ మాట చాలవరకు కాగితముననే యున్నది.

దోషము టీచరుది కాదు. జీతమనక గౌరవవేతనమని పేరిడి, సర్వేలు, రిజిస్టర్లు, సెల్‌ఫోను నమోదులు ఆమె నెత్తిన మోపిన ప్రభుత్వములది. ఆ బరువు దింపుడు. ఆమె ప్రొద్దును పిల్లలకు విడువుడు.

పౌరులారా, మీ వీధి అంగన్‌వాడీకి పోయి చూడుడు. భయమున పెరిగిన బిడ్డ రేపు స్వతంత్ర పౌరుడెట్లగును?