టిక్ టిక్ మనే చక్రం

పిల్లలూ! మీ సైకిలును గోడకు ఆనించి, వెనుక చక్రాన్ని కాస్త పైకెత్తి, చేత్తో ముందుకు తిప్పి చూడండి. చక్రం తిరుగుతుంది, పెడళ్లు మాత్రం కదలవు. చక్రం నడుమ నుంచి "టిక్ టిక్ టిక్" మని చప్పుడు వస్తుంది. ఇప్పుడు పెడలును ముందుకు తిప్పండి. చప్పుడు ఆగి, చక్రం పెడలుతోపాటు తిరుగుతుంది. ఈ టిక్ టిక్ ఎక్కడిదో మీరెప్పుడైనా ఆలోచించారా?

మా పక్కింట్లో ఏడో తరగతి చదివే కుర్రవాడొకడున్నాడు. వాళ్ల నాన్న వాడికి కొండదారుల్లో తొక్కే గేర్ల సైకిలు కొనిపెట్టాడు. లావాటి టైర్లు, ముందు మూడు పళ్లచక్రాలు, వెనుక ఏడు. ఏడాది తిరక్కుండానే వాడు, "నాన్నా, తొక్కుతూంటే ఒక్కోసారి పెడలు ఊరికే జారిపోతోంది," అనసాగాడు. నాన్న సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్లివచ్చి, "బాగానే ఉంది గదరా! నీకు కొత్తది కావాలేమో!" అన్నాడు. చదును నేలమీద అది బాగానే ఉన్నమాట నిజమే. కాని ఆ ఆదివారం వాడు ఎత్తుదారిలో సీటుమీదినుంచి లేచి, ఒంటి బరువంతా ఒక పెడలుమీద వేసి తొక్కుతూండగా అది గభాలున కిందికి జారింది. వాడు రోడ్డుమీద పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది, ముందుపన్ను విరిగింది. వెనుకనే వస్తున్న ఆటో అతను చప్పున బ్రేకు వేశాడు గనుక అంతటితో పోయింది.

తప్పు వాడి కాలిది కాదు. చక్రం నడుమ దాగివున్న, మీ చిటికెనవేలి గోరంత ఉక్కుముక్కలది!

చువ్వలన్నీ వచ్చి చేరే నడిమి గొట్టాన్ని హబ్బు అంటారు. చైను తిప్పే పళ్లచక్రాలు నేరుగా ఈ హబ్బుకు అతుక్కుని ఉండవు. రెంటికీ మధ్య ఫ్రీవీలు అనే కీలకం ఉంటుంది. దానిలో ఒక ఉంగరానికి లోపలివైపున రంపపు పళ్లు చెక్కి ఉంటాయి. ఆ ఉంగరం లోపల ఇమిడే దిమ్మకు రెండో మూడో చిన్న ఉక్కు నాలుకలుంటాయి. వాటిని సన్నటి స్ప్రింగు బయటికి నెడుతూంటుంది. మీరు తొక్కితే నాలుక కొసా, రంపపు పన్నూ ఒకదానికొకటి తగులుకుని చక్రం తిరుగుతుంది. తొక్కటం మానితే పళ్లు నాలుక వీపుమీదుగా జారిపోతాయి. ఆ జారుడే టిక్ టిక్! పాత గోడగడియారానికి తాతగారు కీ ఇచ్చేటప్పుడు కిర్రు కిర్రుమనేది కూడా ఇట్లాంటి నాలుకే. కీ వెనక్కి తిరిగిపోకుండా అది పట్టుకుంటుంది.

"పాలవాళ్ల సైకిళ్లకూ ఈ నాలుకలున్నాయి గదా, అవి ఏళ్ల తరబడి పనిచేస్తాయేం?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. పెన్సిలూ కాగితమూ తీసుకోండి.

మీ బరువు 40 కిలోలనుకుందాం. పెడలు కాడ పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. ఎత్తు ఎక్కేటప్పుడు గేర్ల సైకిలు ముందువైపున అన్నిటికన్న చిన్న పళ్లచక్రం వాడతాం. దాని వ్యాసార్థం సుమారు 4.5 సెంటీమీటర్లు. 40ని 17తో హెచ్చించి 4.5తో భాగిస్తే 151 వస్తుంది. చైనును అన్ని కిలోల బలం లాగుతుందన్నమాట. వెనుక పెద్ద పళ్లచక్రం వ్యాసార్థం 6.5. నాలుకలు ఇరుసు నడిమినుంచి 2 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. 151ని 6.5తో హెచ్చించి 2తో భాగించండి. 490! అంటే దాదాపు అయిదు క్వింటాళ్లు. 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరు తెచ్చి ఆ గోరంత ముక్కలమీద పెట్టినట్టే. గేర్లు లేని మామూలు సైకిలుకు ఇదే లెక్క వేస్తే 140 కిలోల దరిదాపుల్లో వస్తుంది. గేర్లు మన కాలికి శ్రమ తగ్గిస్తాయిగాని, ఆ భారమంతా హబ్బుమీదికి నెట్టుతాయి.

రెండు నాలుకలూ కలిసి పట్టితే ఈ బరువును మోయగలవు. కాని మట్టినీళ్లు లోపలికి దిగి గ్రీజు ముద్దకట్టితే ఒక నాలుక లోపలే అంటుకుపోతుంది. అప్పుడు భారమంతా రెండోదానిమీద పడుతుంది. దాని అంచు కొద్దికొద్దిగా అరిగి గుండ్రనవుతుంది. గుండ్రని అంచు చదును నేలమీద పట్టుతుంది, ఎత్తులో జారుతుంది. కుర్రవాడి మాటా, నాన్న మాటా రెండూ నిజమే అయినది అందుకే.

కొండ సైకిళ్లు పుట్టినచోట కూడా వెనుక హబ్బు తంటా పెట్టింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఫేర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర ఒక కొండదారి ఉంది. 1970ల్లో కొందరు యువకులు 1930లు, 1940ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లను బాగుచేసుకుని ఆ దారిన కిందికి దూసుకువచ్చేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పందెం జరిగింది. సుమారు 2 మైళ్లలో ఆ దారి 1300 అడుగులు దిగుతుంది. ఆ పాత సైకిళ్లలో చాలావాటికి బ్రేకు వెనుక హబ్బు లోపలే ఉండేది. పెడలును వెనక్కి తొక్కితే చక్రం ఆగుతుంది. మనిషీ సైకిలూ కలిసి 90 కిలోలనుకుంటే, అంత ఎత్తునుంచి దిగేసరికి పుట్టే వేడి ఒక లీటరు చన్నీళ్లను మరిగించటానికి చాలు! కొంత గాలికీ నేలకూ పోయినా, చాలాభాగం పిడికెడంత హబ్బులోనే చేరేది. లోపలి గ్రీజు కాలి, పొగలు కక్కుతూ బయటికి పోయేది. దిగిన తరవాత హబ్బు విప్పి మళ్లీ కొత్త గ్రీజు కూరితేగాని సైకిలు పనికివచ్చేది కాదు. మళ్లీ కూరటాన్ని ఇంగ్లీషులో "రీపాక్" అంటారు. ఆ దారికీ, పందానికీ అదే పేరు నిలిచిపోయింది.

ఆ పందాల్లో పాల్గొన్న జో బ్రీజ్ అనే యువకుడు 1977లో కొండదారులకోసమే కొత్తగా ఒక సైకిలు కట్టాడు. దానికి బ్రేకులు హబ్బులో లేవు, రిమ్ములమీద పట్టేటట్టు అమర్చాడు. ఇప్పటి మంచి సైకిళ్లలో బ్రేకు మళ్లీ హబ్బు దగ్గరికే వచ్చింది. అయితే లోపల కాదు, బయట పళ్లెంలాగా. వేడి గాలికి పోతుంది.

ఇరుసు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. మరలు తిప్పి బిగించే ఏడు వరసల ఫ్రీవీలు హబ్బుకు బయటివైపున ఉంటుంది. బరువు మోసే గుండ్లు దానికి లోపలివైపున ఎక్కడో ఉంటాయి. గుండ్లకు బయట ఇరుసు ఆధారం లేకుండా మిగిలిపోతుంది. గుంతల్లో దూకిస్తే అది వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. జపాను దేశపు షిమానో సంస్థ 1978లో తెచ్చిన కొత్త రకం హబ్బులో గుండ్లను బయటి కొసకు జరిపారు. చవక సైకిళ్లలో పాత పద్ధతి ఇంకా ఉన్నది. మీది అట్లాంటిదయితే దానిమీద దూకటాలు, ఎగరటాలు పెట్టుకోకండి.

మీ సైకిలును మీరే పరీక్షించుకోవచ్చు. నిలబడి, వెనుక బ్రేకు గట్టిగా పట్టుకుని, పెడలును చేత్తో ముందుకు నొక్కండి. వెంటనే పట్టాలి. కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ నొక్కండి. ఇట్లా ఇరవైసార్లు చేయండి. వేళ్లు చైనుకూ చువ్వలకూ దూరంగా ఉండాలి సుమా! ఇరవైలో ఒక్కసారి జారినా, బాగుచేయించేదాకా ఆ సైకిలుమీద లేచి తొక్కవద్దు. జారింది చైనేమో కూడా చూడండి. చైను అరిగితే పళ్లమీద ఎగురుతుంది. నాలుకలు చెడితే పళ్లచక్రాలు చైనుతోపాటే తిరుగుతాయి, చక్రం ఒక్కటే నిలిచిపోతుంది. తరవాత రిమ్మును పట్టుకుని పక్కలకు ఊపండి. టకటకమని ఆడితే గుండ్ల దగ్గర వదులయిందన్నమాట. టిక్ టిక్ హఠాత్తుగా మందగించినా నాలుకలను అనుమానించవలసిందే.

బండ్లు కడిగేచోట గొట్టంతో జోరుగా నీళ్లు కొట్టిస్తారు చూడండి, హబ్బుకు అంతకన్న శత్రువు లేదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. నాలుకలున్నచోట చిక్కటి గ్రీజు కూరటం కూడా తప్పే. చిక్కటిది గుండ్లకు, పలచని నూనె నాలుకలకు. విప్పటం మాత్రం మేస్త్రీకే వదలండి. నేను ఒకసారి మా సైకిలు ఫ్రీవీలు స్వయంగా విప్పబోయాను. లోపలి గుండ్లు జలజలా రాలాయి. స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడిందో ఈనాటికీ దొరకలేదు.

మా పక్కింటి సైకిలును మేస్త్రీ గుడ్డ పరిచి విప్పాడు. అనుకున్నట్టే ఒక నాలుక నల్లటి మట్టిలో కూరుకుపోయింది, రెండోదాని అంచు అరిగి గుండ్రనయింది. వాళ్ల నాన్న ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కొత్త ఫ్రీవీలు వేయించాక, కుర్రవాడు అరిగిన నాలుకను అడిగి పుచ్చుకుని జామెట్రీ పెట్టెలో దాచుకున్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున బ్రేకు పట్టుకునేది నాన్న, పెడలు నొక్కేది వాడు. ఇరవై దాకా లెక్క పైకే వినిపిస్తుంది.

చైను ఎందుకు సాగుతుందో వచ్చే నెల చూద్దాం.