ఐదుగురిని గన్న తల్లికిని ఉండవచ్చును



మా పినతల్లి కూతురికి రెండుమారులు గర్భము నిలువలేదు. పట్టణమునందలి యొక ఆసుపత్రివారు ఆమెకు జన్యుపరీక్ష వ్రాసిరి. ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అను జన్యువునందు మార్పు గలదని కాగితము వచ్చినది. ఆ యక్షరములకు అర్థము ఇంట నెవరికిని తెలియదు. అయినను దోషము పిల్లదేయని అత్తవారింట నిర్ణయమైపోయినది. "అక్కయ్యా, నేను పుట్టుకతోనే చెడినదాననా?" యని ఆమె యడిగినపుడు నాకు నోట మాట రాలేదు.

మావారి సాయమున విచారింపగా తెలిసినది వినుడు. ఆ మార్పు లోకమున కోట్లమందికి గలదు. దానివలననే గర్భములు పోవుననుటకు తగిన యాధారము లేదు. గర్భములు పలుమార్లు పోయినవారికి ఈ పరీక్ష వ్రాయవలదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ జెనెటిక్స్ అండ్ జీనోమిక్స్ అను వైద్యసంస్థవారు 2013లోనే చెప్పియున్నారు. ఫోలిక్ ఆమ్లపు మాత్ర యీ మార్పు గలవారికిని పనిచేయును. మా చెల్లెలికి చూడవలసినవి రక్తమును గడ్డకట్టించు యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకములు. వానికి చికిత్స గలదు. ఆ పరీక్షను మాత్రము ఎవరును వ్రాయలేదు!

జన్యుపరీక్షలన్నియు వృథాయని నా భావము కాదు. తలసీమియా కొరకు గర్భిణికి చేయు పరీక్ష మిక్కిలి యవసరమైనది. నే ననునది, రక్తము తీయకముందే "దీని ఫలితముచే చికిత్సలో మార్పేమి?" యని వైద్యుని అడుగువారు ఆసుపత్రిలోనే ఒకరుండవలెనని. రోగి యడుగగలదా? అమెరికాలో యూటా రాష్ట్రపు ఏ.ఆర్.యు.పి. పరీక్షాలయమున జన్యుసలహాదారులు, వైద్యులు వ్రాసి పంపిన క్లిష్టమైన జన్యుపరీక్షల చీటీలను ముందుగా చదివి చూచిరి. అందు నూటికి సుమారు 26 మార్చవలసి వచ్చినవని 2014లో ప్రకటించిరి. ప్రశ్న చదువకయే జవాబు వ్రాయు పిల్లలు తన తరగతిలోను అంతమందియే యుందురని మావారు నవ్విరి.

మఱియొక మాట. పుట్టుకతో వచ్చిన జన్యువు ఏటేట మారునది కాదు. ఒకచోట సరిగా చేసిన పరీక్షను వేఱొకచోట మరల చేయింప బనిలేదు. కావున ఆ కాగితములను నగలతోపాటు దాచుకొనుడు.

మొన్న మా చెల్లెలి అత్తగారికి ఇదంతయు విప్పి చెప్పితిని. "ఈ మార్పు నాకుండవచ్చును, మీకును ఉండవచ్చును" అంటిని.

"ఐదుగురిని గన్న నాకా?" అని ఆమె నివ్వెఱపోయినది.

"మీకే, పిన్నిగారూ."

ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత కోడలిని పిలిచి, ఆ రెండవ పరీక్షకు ఎన్నడు పోవలెనో అడిగినది.