పండుగ హామ్: పండ్ల పూత మాటున ఉప్పు

అమెరికాలో క్రిస్మస్, ఈస్టర్ విందులలో పండ్ల పూత వేసిన హామ్‌ది ప్రధాన స్థానం. ఉప్పు, నైట్రైట్‌లతో ఊరవేసిన పంది తొడకు లవంగాలు గుచ్చి, అనాస చక్రాలు అమర్చి, బ్రౌన్ షుగర్ కలిపిన పండ్ల రసాన్ని పైపూతగా వేసి ఓవెన్‌లో కాలుస్తారు. శీతల నిల్వ లేని కాలంలో శరదృతువులో కోసిన పంది మాంసం చలికాలమంతా ఉప్పులో ఊరి ఈస్టర్ నాటికి సిద్ధమయ్యేది. ఆవకాయను కాపాడే ఉప్పే అక్కడ మాంసాన్ని కాపాడింది. రిఫ్రిజిరేటర్లు వచ్చి ఆ అవసరం తీరినా, ఉప్పు రుచి మాత్రం నిలిచిపోయింది.

ఈ వంటకాన్ని విమర్శించేవారు ముందుగా పూతలోని చక్కెరను తప్పుపడతారు. లెక్క మాత్రం వేరుగా ఉంది. ఒక పెద్ద హామ్‌కు వాడే 200 గ్రాముల చక్కెరను 25 మంది పంచుకుంటే తలకు 8 గ్రాములు, అంటే రెండు చెంచాలు. అందులోనూ కొంత పళ్లెంలోకి కారిపోతుంది. సోడియం అలా కాదు. 85 గ్రాముల హామ్‌లో అది సుమారు 1000 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజువారీ పరిమితి 2000 మిల్లీగ్రాములలో ఇది సగం. పైగా తీపి ఉప్పదనాన్ని నాలుకకు తెలియనివ్వదు. రెండో ముక్క వడ్డించుకోవడం అందుకే సులభమవుతుంది.

హామ్‌లో నాణ్యమైన మాంసకృత్తులు, థయామిన్ ఉన్నాయన్నది కాదనలేనిది. పండు చేర్చే పోషకాలు మాత్రం స్వల్పం. పూత పలుచన, విటమిన్ సి వేడికి నిలవదు.

శుద్ధిచేసిన మాంసాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని పేర్కొంది. ఇది నిత్య సేవనానికి సంబంధించిన అంచనా. ఏడాదికి రెండు విందులను దీనితో కొలవడం సరికాదు. అయితే మిగిలిన మాంసం వారం రోజులు శాండ్‌విచ్‌లలోకి, ఎముక చిక్కుడు గింజల సూప్‌లోకి చేరడం అక్కడి ఇళ్లలో మామూలే. పోషకాహార సలహా విందుకంటే ఆ వారానికే ఎక్కువ అవసరం.

నైట్రైట్‌ను పూర్తిగా నిందించడమూ తగదు. బొటులినమ్ సూక్ష్మజీవిని అడ్డుకునేది అదే. దానిని వద్దనుకునేవారు ఊరవేయని తాజా తొడను ఎంచుకొని, లోపలి ఉష్ణోగ్రత 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరేదాకా కాల్చి, కోసే ముందు మూడు నిమిషాలు ఆగాలి. పూతను చివరి అరగంటలో వేస్తే మాడదు. అనాసను పచ్చిగా పక్కన వడ్డిస్తే దాని విటమిన్ సి కూడా దక్కుతుంది.