పది మార్కులూ, కాలిన మోటారూ

మాది పెద్దమండ్యం పక్క పల్లె. సేద్యం కుటుంబం. వానను నమ్ముకుంటే వేరుశనగ, బోరును నమ్ముకుంటే టమోటా. మా అన్నను ఇంజనీరు చేయడానికి మా నాయన ఎకరా పొలం కుదవ పెట్టినాడు. అన్న ఎలక్ట్రికల్ బ్రాంచిలో ఫస్టుక్లాసులో ప్యాసై ఇంటికొచ్చిన వేసవిలోనే మా బోరు మోటారు కాలిపోయింది.

"ఏమిరా, నాలుగేండ్లు సదివితివి గదా, ఎందుకు కాలిందో సెప్పు" అన్నాడు నాయన. అన్న స్టార్టరు డబ్బా మూత తెరిచి చూసి, మళ్లీ మూసినాడు. మోటారు పైకి లాగించి వైండింగు షాపుకు తీసుకుపోతే, మెకానిక్కు చూడగానే తేల్చినాడు: మూడు ఫేజుల్లో ఒకటి పోయింది, మిగిలిన రెండింటి మీద గుంజి గుంజి కాలింది. ఆ రాత్రి అన్న నాతో, "ఇది పరీక్షలో పది మార్కులకు రాసినానురా. కంటితో మాత్రం ఎన్నడూ చూడలేదు" అన్నాడు.

మిత్రులారా, ఈ లోపం మా అన్నదా, అతని చదువుదా?

ఇంజనీరు మెకానిక్కు కావాలని నా వాదన కాదు. ఆ మెకానిక్కుకూ తెలియనిది ఒకటుంది. నీళ్లు లోతుకు పోయేకొద్దీ "ఇంకా పెద్ద మోటారు దించండి" అంటాడు. ఎంత లోతు నుంచి ఎన్ని నీళ్లు ఎత్తాలో లెక్కగట్టి, ఇన్ని హార్సుపవర్లు చాలునని చెప్పవలసినవాడు ఇంజనీరు. పల్లెలో చేయి ఉంది, లెక్క లేదు. కాలేజీలో లెక్క ఉంది, చేయి లేదు. నడుమ అప్పు మాత్రం రైతుది.

డాక్టరు చదివినవాడు ఏడాదిపాటు హౌస్‌సర్జనుగా రోగుల మధ్య పనిచేయనిదే పూర్తి డాక్టరు కాడు. మరి ఇంజనీరుకో? 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి ఇంజనీరింగ్ పట్టభద్రులనూ అందులో చేర్చారు. మంచిదే. కానీ అది డిగ్రీ తరువాతి మాట, దొరికినవాడి అదృష్టం. చదువు నడుమ ఇంటర్న్‌షిప్పు ఉన్నా, డబ్బు కట్టి సర్టిఫికెట్టు తెచ్చుకుంటే సరిపోయే చోట అది వట్టి తంతే.

శ్రీశైలం నుంచి కృష్ణ నీటిని మెట్టుమెట్టుగా ఎత్తి మన సీమకు తెస్తున్న హంద్రీ-నీవా పంపుహౌసులున్నాయి. సబ్‌స్టేషన్లున్నాయి. ఊరూరా వైండింగు షాపులున్నాయి. ఇవి ప్రయోగశాలలు కావా? ఒక సెమిస్టరంతా అక్కడ చెమటోడ్చి, అక్కడి పెద్ద పనివాడి చేత "వీడికి పని వచ్చు" అనిపించుకోనిదే పట్టా ఇవ్వరాదు.

"బి.ఎస్సీ. వాడివి, నీకెందుకయ్యా ఈ గోల?" అనవచ్చు. ప్రాక్టికల్ రికార్డు పక్కవాడిది చూసి రాసినవాడినే నేనూ. అందుకే అడుగుతున్నాను.

అన్న ఇప్పుడు ఆ వైండింగు షాపులోనే కూర్చుని, జీతం లేకుండా పని నేర్చుకుంటున్నాడు. పొలం ఇంకా కుదవలోనే ఉంది.