పాత రేడియోను ఎవరి చేతిలో పెట్టాలి?

తండ్రిగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న రేడియో ముప్ఫయి ఏళ్ళుగా అటకమీద పాత దుప్పటి చుట్టుకొని పడి ఉంటుంది. ఇల్లు మారేటప్పుడో, పెద్దాయన గతించిన తరువాత సామాను సర్దేటప్పుడో అది కిందికి దిగుతుంది. ఎవరో తడిగుడ్డతో తుడుస్తారు. చెక్కపెట్టె మళ్ళీ మెరుస్తుంది. గాజు డయలుమీద కలకత్తా, సిలోను, లండను అన్న అక్షరాలు తేలుతాయి. పిల్లలు చుట్టూ మూగుతారు. "పాడుతుందేమో చూద్దాం" అని ఒకరు ప్లగ్గు పెట్టి మీట తిప్పుతారు. డయలు వెనుక దీపం వెలిగేసరికి అందరి ముఖాలూ వెలుగుతాయి. తరువాత గుయ్యిమని మోత, ఆపైన మైనం కాలుతున్న వాసన, చివరకు సన్నని పొగ.

ముప్ఫయి ఏళ్ళ నిద్రలో పాడుకాని రేడియో ఆ రెండు నిమిషాల్లో పాడైపోతుంది.

దీనికి కారణం తెలుసుకుంటే మంచి మెకానిక్కును గుర్తుపట్టడం కూడా సులభమవుతుంది. వాల్వు రేడియోలో కొన్ని భాగాలు వాడకపోయినా ముసలివవుతాయి. వాటిలో ముఖ్యమైనవి కండెన్సర్లు. మైనపు కాగితం చుట్టిన కండెన్సరు కాలక్రమాన తేమ పీల్చుకొని, ఆపవలసిన కరెంటును లీకు చేయడం మొదలుపెడుతుంది. శబ్దాన్ని స్పీకరుకు అందించే చివరి వాల్వుకు ముందు అటువంటి కండెన్సరు ఒకటి ఉంటుంది. అది లీకయితే ఆ వాల్వు హద్దుమీరి కరెంటు లాగుతుంది. ఆ భారం ట్రాన్స్‌ఫార్మర్ మీద పడి, లోపలి చుట్లు కాలిపోతాయి. కండెన్సరు వెల స్వల్పం, ఏ పెద్ద బజారులోనైనా దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు, తిరిగి చుట్టించవలసిందే. కాబట్టి అటక దిగిన రేడియోకు చేయవలసిన మొదటి ఉపచారం, దాన్ని ప్లగ్గుకు దూరంగా ఉంచడం.

సరే, ప్లగ్గు పెట్టలేదు. ఎవరివద్దకు తీసుకువెళ్ళాలి?

ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టేది కాదు. మర్ఫీ రేడియోలు ఠాణాలోను, ఫిలిప్స్ రేడియోలు కలకత్తాలోను తయారయ్యే రోజుల్లో ప్రతి తాలూకా కేంద్రంలో ఒక రేడియో మరమ్మతు దుకాణం ఉండేది. బెంగుళూరులో 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ మనదేశంలోనే రేడియో వాల్వులు తయారుచేసేది. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, టెలివిజన్లు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి. దుకాణాలు ఒక్కొక్క మెట్టే మారుతూ వచ్చాయి. కుర్రవాడుగా వాల్వు సెట్లమీద చేయి తిప్పినవారు నేడు డెబ్బయి దాటినవారు. వారిలో చాలామంది దుకాణం ఎత్తివేసి, ఇంట్లో వెనుక గదిలో బల్ల వేసుకొని, తెలిసినవారు తెచ్చినవి మాత్రమే చూస్తున్నారు. వారికి బోర్డు ఉండదు, ప్రకటన ఉండదు.

బోర్డు ఉన్నచోట మరొక ప్రమాదం ఉన్నది. రేడియో తీసుకొని "రెండు రోజుల్లో రండి" అంటారు. రెండు రోజులకు వెళితే అది నిజంగానే పాడుతుంది, ఇంకా చెప్పాలంటే ఎన్నడూ లేనంత స్పష్టంగా పాడుతుంది. ఇంటికి తెచ్చి వెనుక అట్ట విప్పితే లోపల వాల్వులు లేవు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు, చాసిస్ లేదు. అరచేతిలో సగం ఉండే బోర్డు ఒకటి, కొత్త స్పీకరు ఒకటి మిగిలాయి. ఇది సెల్‌ఫోను పాటలను చెక్కపెట్టెలో నుంచి వినిపించే ఏర్పాటు. తీసివేసిన భాగాలు తూకానికి పోయి ఉంటాయి. దీన్ని మరమ్మతు అనడం, పాత వీణ కడుపులో గడియారం పెట్టి వీణ బాగుపడిందనడం వంటిదే. యజమానికి అదే కావాలంటే ఎవరికీ ఆక్షేపణ లేదు; చెప్పకుండా చేయడమే దారుణం. నాన్నగారు వార్తలు విన్న యంత్రం పోయిందని తెలిసేసరికి దాన్ని తిరిగి తేవడానికి మార్గం ఉండదు.

నమ్మదగినవారిని వెదకడానికి అనుభవజ్ఞులు పాటించే ఉపాయం ఒకటి ఉన్నది. మెకానిక్కుకోసం మెకానిక్కును అడగరు, విడిభాగాల దుకాణాన్ని అడుగుతారు. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ, మద్రాసులో రిచీ వీధి, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు, బొంబాయిలో లామింగ్టన్ రోడ్డు, కలకత్తాలో చాంద్‌నీ, ఢిల్లీలో ఎర్రకోట ఎదుట లజపతిరాయ్ మార్కెట్టు ఇటువంటి సరుకుకు పేరుపడ్డ చోట్లు. అక్కడ కౌంటరు వెనుక కూర్చున్న ముసలాయనను "వాల్వు సెట్లు ఎవరు బాగుచేస్తారు?" అని అడిగితే అందరూ చేస్తారనే చెబుతాడు. "నాలుగువందల యాభై వోల్టుల కండెన్సర్లు మీవద్ద ఎవరు కొంటున్నారండీ?" అని అడగాలి. ఈనాటి చిన్న యంత్రాలు చాలావరకు అయిదు, పన్నెండు వోల్టులతో నడిచేవి. అంత వోల్టేజి సరుకును విడివిడిగా, రెండేసి, మూడేసి కొంటున్న మనిషి వాల్వు సెట్టు విప్పుతున్నవాడై ఉండడానికే అవకాశం ఎక్కువ.

చిన్న ఊళ్ళలో మైకుసెట్ల వారు మరొక ఆధారం. పెళ్ళిళ్ళకు, ఉత్సవాలకు ఆహూజా ఆంప్లిఫయర్లు అద్దెకిచ్చిన కుటుంబాల్లో పెద్దతరం వారికి వాల్వులతో పరిచయం ఉంటుంది. తమకు చేతకాకపోయినా ఎవరికి చేతనవునో తెలుసు. ఆకాశవాణిలో ఇంజనీరింగ్ శాఖలో పనిచేసి విరమించినవారు, హామ్ రేడియో అభిమానులు కూడా ఇటువంటివారే. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడిన నాటినుంచి తెలుగునాట హామ్‌లకు ఒక కూడలి ఉన్నది. వారిలో కొందరు సొంత ఆనందంకోసమే పాత సెట్లు బాగుచేస్తుంటారు. అటువంటివారిని తొందరపెట్టడం మాత్రం కుదరదు.

మనిషి దొరికిన తరువాత, మొదటి పది నిమిషాల్లోనే అతని పనితనం కొంత బయటపడుతుంది. రేడియో బల్లమీద పెట్టగానే ప్లగ్గు పెట్టబోయేవాని చేతిలోనుంచి మర్యాదగా వెనక్కు తీసుకోవడం మంచిది. పని తెలిసినవాడు వైద్యునివలె ముందు ప్రశ్నలు వేస్తాడు.

"ఎన్నేళ్ళు మూలపడి ఉన్నదండీ ఇది? ఆగినప్పుడు ఎట్లా ఆగింది? మోత పెట్టి ఆగిందా, గొంతు తగ్గుతూ ఆగిందా, టప్పున ఆగిందా? మధ్యలో ఎవరైనా విప్పారా?"

ఈ ప్రశ్నలకు సమాధానం తెలిసినవారు ఇంట్లో ఎవరైనా ఉంటే వెళ్ళేముందే అడిగి ఉంచుకోవాలి. పాత కాగితాల్లో తపాలా కార్యాలయంవారి రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే అది కూడా తీసుకువెళ్ళాలి. 1980 దశకంలో లైసెన్సులు రద్దయిన తరువాత దాని అవసరం తీరిపోయిందని చాలామంది పారవేశారు గాని, సెట్టు ఏ కంపెనీది, ఏ నమూనా అన్నది అందులో కనిపిస్తుంది.

ప్రశ్నలు అయిన తరువాత అతడు వెనుక అట్ట తీసి, కరెంటు లేకుండానే చూపుతోను, ముక్కుతోను, మల్టీమీటరుతోను పరీక్షిస్తాడు. కరెంటు ఇవ్వవలసి వచ్చినప్పుడు సీరీస్ బోర్డు తీస్తాడు. అంటే రేడియోకు, కరెంటుకు మధ్య ఒక మామూలు ఫిలమెంటు బల్బు ఉంటుందన్నమాట. మీట వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి, మందగించి మిణుకుమంటే ఆశ ఉన్నదని అర్థం. దేదీప్యమానంగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నది. కాలవలసిన ట్రాన్స్‌ఫార్మర్ బదులు బల్బు ఆ భారాన్ని మోస్తున్నది. కొందరు డిమ్మర్‌స్టాట్‌తో వోల్టేజిని మెల్లమెల్లగా పెంచుతారు. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి పనికిరాదు గనుక, పాత ఫిలమెంటు బల్బులను పదిలంగా దాచుకొన్న దుకాణాన్ని కొంత గౌరవంతో చూడవచ్చు.

ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. కలకత్తా వంటి నగరాల్లో కొన్ని పేటలకు చాలాకాలం డి.సి. కరెంటే సరఫరా అయ్యేది. అందువలన ఎ.సి., డి.సి. రెండింటిమీదా నడిచే రేడియోలు తయారయ్యాయి. వాటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. లోపలి ఇనుప చాసిస్ సూటిగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. రెండు పుల్లల ప్లగ్గు తిరగవేసి పెట్టినట్లయితే చాసిస్ మొత్తానికి 230 వోల్టులు వస్తుంది. పైనున్న నాబు ఊడిపోయి ఇనుప కాడ కనిపిస్తుంటే, దాన్ని తిప్పబోయిన పిల్లవాని గతి ఏమిటి? "ఇది ఎ.సి. సెట్టా, ఎ.సి.-డి.సి. సెట్టా?" అన్న ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పలేనివారికి ఏ సెట్టూ అప్పగించకూడదు. మామూలు ఎ.సి. సెట్టులో కూడా ప్లగ్గు తీసిన తరువాత పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఇంట్లో స్క్రూడ్రైవరుతో కుతూహలం తీర్చుకోవడం క్షేమం కాదు.

1960 ప్రాంతపు ట్రాన్సిస్టరు సెట్టయితే పరీక్ష వేరు. ఆనాటి సెట్లలో ఎ.ఎఫ్. 114 నుంచి 117 వరకు నంబర్లుగల ట్రాన్సిస్టర్లు విరివిగా వాడారు. వాటి లోహపు డబ్బీ లోపల ఏళ్ళు గడిచేకొద్దీ కంటికి కనిపించనంత సన్నని తగరపు వెంట్రుకలు మొలిచి, లోపలి భాగాన్ని డబ్బీకి తగిలిస్తాయి. రేడియో మూగపోతుంది. డబ్బీకి కలిపిన నాలుగో కాడను కత్తిరిస్తే చాలా సందర్భాల్లో తిరిగి పలుకుతుంది. ఈ సంగతి చెప్పగలిగినవాడు పుస్తకమైనా చదివి ఉండాలి, వందల సెట్లయినా విప్పి ఉండాలి.

రేడియో పనివాడు గ్రామఫోను పని కూడా చేస్తాడని అనుకోరాదు. రికార్డు చేంజర్లో వ్యాధి సగం విద్యుత్తుది కాదు, గట్టిపడిన గ్రీజుది. రబ్బరు చక్రం రాయిలా బిగుసుకుపోతుంది. పాత క్రిస్టల్ కార్ట్రిడ్జిలో వాడిన రోషెల్ లవణం మన ఎండకు, వానకాలపు చెమ్మకు తాళలేదు. దాని బదులు సెరామిక్ రకం వేయవలసి ఉంటుంది. అమెరికానుంచి పిల్లలు తెచ్చిన పాత టర్న్‌టేబుల్‌తో మరొక చిక్కు ఉన్నది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినంతమాత్రాన సరిపోదు. అక్కడి కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, ఇక్కడిది 50. దానినిబట్టి తిరిగే మోటారు అయితే 33⅓ చుట్లు తిరగవలసిన పళ్ళెం 28 చుట్లు కూడా తిరగదు. ఘంటసాల గొంతు కూడా నిద్రమత్తులో పాడినట్లుంటుంది. మోటారు కప్పీ మార్చాలి. గల్ఫునుంచి అన్నయ్య తెచ్చిన టేపు రికార్డరులో మొదట పోయేది బెల్టు; అది కరిగి తారులా అంటుకొంటుంది. ఆ జిగటను స్పిరిటుతో పూర్తిగా తుడిచి కొత్త బెల్టు వేసేవాడు ఒకడు, పైన బెల్టు తగిలించి పంపేవాడు మరొకడు. రెండోవానివద్దకు మూడు నెలల్లో మళ్ళీ వెళ్ళవలసి వస్తుంది.

ఇక డబ్బు మాట. ఈ పనిలో భాగాల ఖరీదు తక్కువ, కాలం ఖరీదు ఎక్కువ. తప్పు వెదకడానికి రెండు పూటలు పట్టి, బాగుచేయడానికి పావుగంట పట్టవచ్చు. ఆ పావుగంటకు ఇంతా అని బేరమాడేవారికి తరువాతిసారి అతడు దొరకడు. అయితే కొన్ని షరతులు ముందుగా చెప్పుకోవడంలో తప్పు లేదు. తీసివేసిన భాగాలన్నీ తిరిగి ఇవ్వాలి. ముందు అనుకొన్న మొత్తం దాటేటట్లయితే అడిగి చేయాలి. పాలిష్ జోలికి పోరాదు. అప్పగించే ముందు వెనుక అట్ట తీసి లోపలి భాగాల ఫొటోలు అతని ఎదుటనే తీసుకోవాలి. నిజాయితీపరుడు దీనికి నొచ్చుకోడు. "ఈ వాల్వు నావద్ద లేదు, దొరికితే చెబుతాను" అన్నవానిమీద కోపం తెచ్చుకోరాదు. ఇ.ఎల్. 84 వంటివి గిటారు ఆంప్లిఫయర్ల పుణ్యమా అని విదేశాల్లో నేటికీ తయారవుతున్నాయి గాని, స్టేషను పట్టే వాల్వులకు, ఆకుపచ్చ కన్నుకు పాత నిల్వలే గతి.

తిరిగి తెచ్చుకొనే రోజున తొందరపడక గంటసేపు దుకాణంలోనే పాడించాలి. కొన్ని లోపాలు సెట్టు వేడెక్కిన తరువాతనే బయటపడతాయి. ఇంటికి వచ్చాక గరగర వినిపిస్తే వెంటనే మెకానిక్కును తిట్టుకోకుండా, ఇంట్లోని ఎల్.ఇ.డి. దీపాలు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టరు ఒక్కొక్కటి ఆపి చూడాలి. మీడియం వేవ్‌కు అవి బద్ధశత్రువులు. పాత సెట్టుకు ఏరియల్ తీగ కూడా కావాలి, పది పదిహేను అడుగులదైనా సరే.

సెలవు తీసుకొనే ముందు మెకానిక్కును ఒక్క చీటీ అడగాలి. ఏ కండెన్సర్లు మార్చినదీ, ఏ వాల్వు వేసినదీ, ఏ తేదీన చేసినదీ అతని చేతివ్రాతతోనే వ్రాయించి వెనుక అట్ట లోపలివైపు అంటించాలి. ఇరవై ఏళ్ళ తరువాత ఆ అట్ట విప్పేవానికి, ఆ పెద్దాయన లేకపోయినా, ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చీటీ చెబుతుంది.