లోపల ఎంతమంది ఉన్నరు?

పోయిన నెల మా ఆఫీసులో ఫైర్ డ్రిల్ జరిగింది. హైటెక్ సిటీలో పనిచేసే మనవాళ్ళకు ఇది కొత్తేం కాదు. సైరన్ మోగుతది, లిఫ్టులు ఆగిపోతయి, పసుపు జాకెట్టు వేసుకున్న ఫ్లోర్ వార్డెన్ అందరినీ మెట్ల మీదుగా దించుతడు. కింద ఆకుపచ్చ బోర్డు దగ్గర నిలబెట్టి పేరు పేరునా పిలిచి లెక్క చూస్తరు. పావుగంటలో టవర్ మొత్తం ఖాళీ. మంచి పనే, నేనేం వెక్కిరించట్లేదు.

కానీ ఆ రోజు నా చూపు బోర్డుకు దూరంగా నిలబడ్డవాళ్ళ మీద పడ్డది. హౌస్‌కీపింగ్ అక్కలు, ప్యాంట్రీ పిల్లలు, గార్డులు. వాళ్ళలో ఉట్నూరు దిక్కు నుంచి వచ్చిన మన తమ్ముడొకడు ఉన్నడు. "నీ పేరు పిలిచిన్రా?" అని అడిగిన. "మా పేర్లు వాళ్ళ లిస్టుల ఉండయన్నా, మాది ఏజెన్సీ కదా" అన్నడు. మన ఊళ్ళుండే ఏజెన్సీ కాదు, వాణ్ణి పనికి పెట్టిన కాంట్రాక్టు ఏజెన్సీ. ఏ ఏజెన్సీ అయితేనేం, లెక్కలో లేకపోవడం ఒక్కటే.

మాది డ్రిల్లు కాబట్టి నవ్వుకుని పైకి పోయినం. ఇక్కడి నుంచి ఔటర్ ఎక్కితే ముప్పావు గంట దూరంలో పాశమైలారం ఉంది. 2025 జూన్ 30, సోమవారం పొద్దున అక్కడ సిగాచి ఫ్యాక్టరీ పేలింది. మూడంతస్తుల బిల్డింగు కూలిపోయింది. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే చెట్టు గుజ్జు నుంచి తీసే తెల్లటి పొడి. మనం మింగే గోలీల్లో మందుకు తోడుగా కలిపేది అదే. విషవాయువు కాదు, యాసిడ్ కాదు. పిండి లాంటి పొడి. కానీ మెత్తని పొడి మూసిన చోట గాలిలో కమ్ముకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు, బాంబు లెక్క పేలుతది. రోజూ ఆ పొడి మధ్య నిలబడి పనిచేసే మనిషికి ఈ ఒక్క మాట తన భాషలో చెప్పాలి కదా.

ఆ తర్వాత రోజుల్లో మనందరం చూసినం. బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఫ్యాక్టరీ గేటు దగ్గర, పటాన్‌చెరు ఆస్పత్రి దగ్గర ఫోన్లో ఫొటోలు పట్టుకుని తిరిగినయి. మృతుల సంఖ్య, గల్లంతైనవాళ్ళ సంఖ్య పూటపూటకూ మారింది. చనిపోయినట్టు 46 మందిని గుర్తించిన్రు. ఇంకో ఎనిమిది మంది ఆనవాళ్ళే దొరకలేదు, వాళ్ళను కూడా చనిపోయినట్టే లెక్కగట్టి 54 అన్నరు. బూడిద కూడా దొరకని ఇంటికి మిగిలేది ఒక్కటే: మావోడు ఆ పొద్దు లోపలే ఉన్నడు అని చెప్పే కాగితం. ఆ కాగితం ఎవరి దగ్గర ఉండాలె? గేటు దగ్గర.

నా మాట ఇదే. ఎమర్జెన్సీ ప్లాన్ అంటే ఫోము, గొట్టాలు, ఆంబులెన్సులు అనుకుంటం. అవన్నీ తర్వాత. లోపల ఎంతమంది ఉన్నరు, ఎవరెవరు ఉన్నరు, ఏ అంతస్తుల ఉన్నరు, ఇదే మొదటి పేజీ. కాంట్రాక్టు కూలీ పేరు లేని ప్లాను, ఎంత లావు ఫైలైనా, సగం మంది కోసం రాసిన ప్లానే.

చట్టాలు లేక కాదు. భోపాల్ తర్వాత వచ్చిన 1989 నిబంధనల ప్రకారం ప్రమాదకర రసాయనాలు పెద్ద మొత్తంలో నిల్వ చేసే ఫ్యాక్టరీ లోపలికి ఒక ప్లాన్ రాయాలి. బయటి ఊళ్ళ కోసం జిల్లా యంత్రాంగం ఇంకోటి రాయాలి, ఏడాదికొక్కసారైనా దాన్ని రిహార్సల్ చేసి చూడాలి. చుట్టుపక్కల జనానికి ప్రమాదం ఎట్లాంటిదో, అది జరిగితే ఏం చేయాలో, ఏం చేయొద్దో ముందే చెప్పాలి. 1996 నిబంధనలు స్థానిక సంక్షోభ బృందం ఉండాలన్నయి. అందులో సర్పంచ్‌కో ఊరి పెద్దకో చోటుంది, డాక్టర్లకు, సామాజిక కార్యకర్తలకు చోటుంది. నెలనెలా కూర్చోవాలి, ఆరు నెలలకోసారి డ్రిల్ చేయాలి. మీ మండలంలో ఎవరైనా ఆ బృందం పేరు విన్నరా? నేనైతే పాతికేళ్ళు వచ్చేదాకా వినలేదు.

వినకపోతే ఏమైతదో విశాఖ చూపించింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడ్డది. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే పాయింట్లు 36 ఉన్నయట, ఒక్కటీ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే రాసింది. పన్నెండు మంది పోయిన్రు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున పారుతది. అది తెలిసినోడు గాలికి అడ్డంగా, మిట్టకు ఉరుకుతడు. తెలియనోడు అందరూ ఉరికే దిక్కుకే ఉరుకుతడు.

ఇది పట్నం ముచ్చట, మన గూడేలకేం సంబంధం అనుకోవద్దు. భద్రాద్రి జిల్లా అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది, చుట్టూ కోయ పల్లెలు. భారజలం తీసే పద్ధతిలో అక్కడ వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది, గండం గడిచింది అని నిలబడ్డ మనిషి అక్కడే పడిపోతడు. ఈ సంగతి ఇంగ్లిష్ ఫైల్లో ఉంటే సరిపోదు. మా అవ్వ లాంటి ముసలమ్మకు కోయలో చెప్పినప్పుడే నిబంధన అమలైనట్టు.

అందుకే చదువుకున్న మనం కొన్ని పనులు మొదలుపెట్టాలె. మీ దగ్గర్లో రసాయనాల ఫ్యాక్టరీ ఉంటే బయటి ఊళ్ళ ప్లాన్ కాపీ, సంక్షోభ బృందం చివరిసారి ఎప్పుడు కూర్చుందో చెప్పే మినిట్స్ కావాలని కలెక్టరేట్‌లో ఆర్టీఐ వేయండి. ఇవ్వకపోతే అప్పీలుకు పోండి. ఆ బృందంలో మన మనిషికి చోటు అడగండి.

పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, అచ్యుతాపురం, ఎక్కడికి పనికి పోయినా మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మొదటి రోజే ఒక పని చేయాలె. ఫ్యాక్టరీ పేరు, యూనిట్, కాంట్రాక్టర్ పేరు, వాడి నంబరు ఇంటికి వాట్సాప్‌ల పంపాలె. గేటు రిజిస్టర్‌ల మీ పేరు మీరే చూసుకోవాలె. షిఫ్టు మారితే మళ్ళీ చెప్పాలె. మా ఉట్నూరు తమ్ముడు ఇప్పటికే పంపిండు. వాళ్ళ పేర్లు కూడా లిస్టులో పెట్టమని నేను ఆఫీసులో మెయిల్ రాసిన. జవాబు ఇంకా రాలేదు, వచ్చే డ్రిల్‌కు ముందు మళ్ళీ రాస్త.